దమ్ము సీజన్లో ట్రాక్టరు మొరాయించకుండా...

తొలకరి పడి, కాలవలకు నీళ్లు వదిలారంటే ట్రాక్టరుకు తీరిక ఉండదు. తెల్లవారుజామున పొలంలో దిగిన బండి రాత్రి లైట్లు వేసుకుని మరీ దమ్ము చేస్తూనే ఉంటుంది. సరిగ్గా ఆ ఇరవై, ముప్ఫై రోజుల్లోనే ఏదో ఒక పార్టు మొరాయిస్తుంది. మెకానిక్కుకు కబురు చేస్తే ఆయన అప్పటికే మూడు ఊళ్లలో ఒప్పుకుని ఉంటాడు. సామాను కోసం టౌనుకు పోతే అది లేదంటారు, రేపు రమ్మంటారు. ఈలోగా మడిలో నారు ముదురుతుంది. కిరాయికి ఒప్పుకున్న పొలాలను పక్క ఊరి ట్రాక్టరు వచ్చి దున్నేసి పోతుంది.

రెండు మూడెకరాల ఆసామి కొత్త ట్రాక్టరు కొనడం అంత తేలిక కాదు. అన్నదమ్ములిద్దరూ కలిసో, బావమరిది సాయం పట్టుకునో పాత బండి కొంటారు. సొంత పొలం దున్నుకోగా, మిగతా రోజుల్లో కిరాయికి తిప్పి కిస్తీ కట్టాలి. అంటే సీజన్లో బండి ఆగిన ప్రతి రోజూ కిస్తీలోంచి పోయినట్టే. ఇక ఇంజను బోరుకొచ్చి హాఫ్ ఇంజను పని, ఫుల్ ఇంజను పని పెట్టుకోవాల్సి వస్తే ఆ ఏడు కిరాయి డబ్బులు చాలా మటుకు అందులోకే పోతాయి.

బండి పాతది కదా, పాడవక ఏం చేస్తుందని సరిపెట్టుకుంటాం. కానీ షెడ్డుకు వచ్చే పనుల్లో చాలా భాగం లోపలికి పోకూడని చోటికి దుమ్మో, నీళ్లో, బురదో పోవడం వల్ల వచ్చినవే. వీటిని ఆపడానికి పెద్ద ఖర్చు లేదు. రోజూ పొద్దున పది నిమిషాలు, ఒక గ్రీజు గన్, పాత గుడ్డ ముక్క ఉంటే చాలు. ఎద్దులను కట్టే రోజుల్లో కాడి దించగానే మెడ రాసుకుపోయిందా, డెక్క అరిగిందా అని చూసేవాళ్లం. ట్రాక్టరుకు వచ్చేసరికి తాళం చెవి తీసి జేబులో వేసుకుని ఇంట్లోకి పోతున్నాం.

గాలి శుభ్రంగా ఉంటే సగం ఇంజను నిలిచినట్టే

ఒక లీటరు డీజిలు కాలడానికి కనీసం పదివేల లీటర్ల గాలి కావాలి. 35 హెచ్.పి. ఇంజను మామూలు వేగంతో పనిచేసేటప్పుడు గంటకు సుమారు లక్ష లీటర్ల గాలి పీలుస్తుంది. ఎండాకాలం దుక్కిలో, రొటవేటరు వెనక, కుప్ప నూర్చేటప్పుడు ఆ గాలి నిండా దుమ్మే. మన నేలల దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. అది సిలిండరులోకి చేరిందంటే లైనరుకూ పిస్టను రింగులకూ మధ్య ఆకురాయి పెట్టి రుద్దినట్టే అరగదీస్తుంది. వేల గంటలు నడవాల్సిన ఇంజను ఒకటి రెండు సీజన్లకే ఆయిలు తాగడం మొదలుపెట్టిందంటే ముందుగా అనుమానించాల్సింది ఎయిర్ క్లీనరునే.

పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఉండేది ఆయిల్ క్లీనరు. పైనుంచి వచ్చిన గాలి మధ్య గొట్టంలోంచి కిందికి దిగి, గిన్నెలోని ఆయిలును తాకి, ఒక్కసారిగా వెనక్కి తిరిగి పైకి పోతుంది. ఆ మలుపు దగ్గర బరువైన దుమ్ము ఆయిల్లో పడిపోతుంది. మిగిలిన సన్న దుమ్ము పైనున్న జాలీకి అంటుకుంటుంది. ఇంత తేలికైన ఏర్పాటు కాబట్టే దీన్ని ఎవరూ పట్టించుకోరు.

దుమ్ము పనుల్లో ఉన్నప్పుడు ప్రతి రోజూ ఈ గిన్నె విప్పి చూడాలి. ఇంజను ఆపాక కాసేపు ఆగి, క్లిప్పులు తీసి, గిన్నె దించండి. అడుగున మడ్డి వేలి మందాన పేరుకుని ఉన్నా, ఆయిలు చిక్కబడి జావలా ఉన్నా పారబోసి, గిన్నెను డీజిలుతో కడిగి తుడిచి, కొత్త ఆయిలు పోయాలి. ఇంజనులో పోసే ఆయిలే దీనికీ పోయాలి. చాలామంది ఇంజనులోంచి తీసిన కాలిన ఆయిలును ఇందులో పోసి పొదుపు చేశామనుకుంటారు. అందులో ముందే మసి, లోహపు పొడి ఉంటాయి. పావు లీటరో అర లీటరో ఆయిలు మిగుల్చుకోబోయి లైనర్లు పోగొట్టుకోవడం ఏం లెక్క?

గిన్నెకు లోపల ఒక గీత ఉంటుంది. ఆయిలు ఆ గీత దాకానే పోయాలి. తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే గాలితో పాటు ఆయిలు కూడా ఇంజనులోకి పోయి నీలం పొగ వస్తుంది. మరీ ఎక్కువ పోయిందంటే యాక్సిలేటరు తగ్గించినా ఇంజను దానంతట అదే రేజు అయిపోతుంది. అది పెద్ద ప్రమాదం. నెలకోసారైనా జాలీని కూడా కిరసనాయిలులోనో డీజిలులోనో ఝాడించి, పూర్తిగా ఆరాకే బిగించాలి. పైన టోపీలా ఉండే గిన్నెలో పడిన చెత్తను పనికి పోయే ముందు రోజూ దులపాలి.

కొత్త రకం బండ్లలో కాగితపు ఫిల్టరు ఉంటుంది. దీన్ని డీజిలుతో కడగకూడదు, నేలకేసి కొట్టకూడదు. అరచేత్తో మెల్లగా తట్టి, లోపలి వైపు నుంచి బయటికి తక్కువ గాలి పట్టాలి. పంక్చరు షాపులో టైరుకు కొట్టినంత జోరుగా కొడితే కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి. ఆ తర్వాత ఫిల్టరు ఉన్నా లేనట్టే. దీని లోపల ఇంకో చిన్న ఫిల్టరు ఉంటుంది. దాన్ని శుభ్రం చేయబోకండి, పుస్తకంలో చెప్పిన గంటలకు మార్చడమే.

క్లీనరు ఎంత బాగున్నా, దాని నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా దుమ్ము నేరుగా లోపలికే పోతుంది. నెలకోసారి ఆ గొట్టం ఇంజను వైపు కొస విప్పి, లోపల తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు మట్టి రంగు అంటిందంటే ఎక్కడో దొంగ దారి ఉంది. ఆ రోజే గొట్టం మార్పించండి. గొట్టం ఖరీదు వందల్లో ఉంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు.

పొగను చూసి చెప్పొచ్చు

సైలెన్సరు పొగ ఇంజను లోపలి సంగతి చెబుతుంది. బరువు లాగేటప్పుడు కాస్త నల్లగా రావడం మామూలే. ఎప్పుడూ నల్లగా కక్కుతుంటే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువ పడుతోంది. ముందు ఎయిర్ క్లీనరు చూడండి, తర్వాతే నాజిళ్లు, పంపు. బండి ఓపికకు మించిన పనిముట్టు తగిలించినా ఇలాగే వస్తుంది. నీలం పొగ అంటే ఆయిలు కాలుతోంది. క్లీనరు గిన్నెలో ఎక్కువ పోయలేదని చూసుకున్నాక కూడా తగ్గకపోతే రింగులు, లైనరు, వాల్వు గైడ్లు అరిగినట్టు. తెల్ల పొగ చలి పొద్దున స్టార్టు చేసినప్పుడు కాసేపు వస్తుంది, పరవాలేదు. ఇంజను వేడెక్కాక కూడా వస్తుంటే డీజిలు సరిగా కాలడం లేదు, లేకపోతే నీళ్లు కలుస్తున్నాయి. రేడియేటరులో నీళ్లు రోజూ తగ్గుతుంటే ఇక ఆలస్యం చేయకూడదు.

ఇంజను ఆయిలు: కొలత, రంగు

బండి చదునుగా ఉన్న చోట నిలిపి, ఇంజను ఆపిన పదిహేను నిమిషాలకు, లేదా పొద్దున్నే స్టార్టు చేయకముందు పుల్ల తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువగా ఉంటే పోస్తాం, అది అందరికీ తెలుసు. కానీ ఏమీ పోయకుండానే మట్టం పెరిగితే చాలామంది సంతోషిస్తారు! అది చెడ్డ గుర్తు. డీజిలు వాసన వస్తూ పల్చగా ఉంటే పంపు నుంచో, నాజిలు నుంచో డీజిలు ఆయిల్లోకి దిగుతోంది. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. హెడ్డు గ్యాస్కెట్టో, లైనరు కింది రబ్బరు రింగులో పోయి ఉంటాయి. ఆ ఆయిలుతో షెడ్డు దాకా కూడా నడపకండి, లాక్కుపోండి. నడిపితే బేరింగులు పట్టేసి క్రాంకు దాకా పోతుంది.

ఆయిలు నల్లబడినంత మాత్రాన పాడైనట్టు కాదు. డీజిలు ఇంజనులో కొత్త ఆయిలు కూడా కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. మార్చడానికి లెక్క రంగు కాదు, గంటలు. చాలా బండ్లకు 250 గంటలకు మార్చమని కంపెనీలు చెబుతున్నాయి. కొన్ని పాత మోడళ్లకు ఇంకా ముందే మార్చాలి. మీ బండి పుస్తకం చూడండి, లేదా డీలరును అడగండి. పాత బండి కొన్నవాళ్లకు ఒక చిక్కు ఉంది. గంటల మీటరు తిరగదు. అలాంటప్పుడు డీజిలు లెక్క పెట్టుకోండి. 35 హెచ్.పి. బండి మామూలు పనుల్లో గంటకు సుమారు నాలుగు లీటర్లు తాగుతుంది. అంటే వెయ్యి లీటర్లు కాలిందంటే 250 గంటలు అయినట్టే. బంకు చీటీలు ఒక మేకుకు గుచ్చి పెట్టుకున్నా లెక్క తేలిపోతుంది.

ఆయిలు మార్చేటప్పుడు ఇంజను గోరువెచ్చగా ఉండాలి, అప్పుడే మడ్డితో సహా దిగుతుంది. ఆయిలుతో పాటు ఫిల్టరు కూడా మార్చాలి. విడి ఆయిలు చౌకగా వస్తోందని డ్రమ్ములోది పట్టించుకోవద్దు, సీలు డబ్బానే కొనండి. ఖాళీ డబ్బాకు చిల్లు పెట్టాకే పాత సామాన్లవాడికి వేయండి. చిల్లు లేని డబ్బా కల్తీ ఆయిలుతో నిండి మళ్లీ మన దగ్గరకే రావచ్చు. ఆయిలు ప్రెషరు లైటు నడుస్తుండగా వెలిగిందా, ఈ సాలు అయ్యాక చూద్దాం అనుకోకుండా అక్కడే ఆపేయాలి.

డీజిల్లో నీళ్లు, పైపుల్లో గాలి

బంకు దూరం కాబట్టి సీజన్లో డ్రమ్ములతో తెచ్చుకుని నిల్వ పెట్టుకుంటాం. డ్రమ్మును కదపకుండా ఒక రాత్రయినా తేరనివ్వాలి. నీళ్లు, మట్టి అడుక్కి దిగుతాయి. పైనుంచి గొట్టంతో తీసుకుని, అడుగున నాలుగు వేళ్ల మందం వదిలేయాలి. జింకు పూత ఉన్న డ్రముల్లో, బకెట్లలో డీజిలు నిల్వ ఉంచకూడదు. ఆ పూత డీజిలుతో కలిసి ఫిల్టర్లను పూడ్చేస్తుంది. కిరసనాయిలు కలిపిన డీజిలు చౌకగా వచ్చినా వద్దు. పంపు లోపలి భాగాలకు డీజిల్లో ఉండే జిడ్డే ఆధారం. కిరసనాయిలులో ఆ జిడ్డు ఉండదు, పంపు అరిగిపోతుంది. పంపు రిపేరు ఎంతవుతుందో ఒకసారి చేయించినవాళ్లను అడగండి.

ట్యాంకు పొద్దున కాకుండా సాయంత్రం పని అయ్యాక నింపుకోవడం మంచి అలవాటు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ నీటి బొట్లుగా మారి డీజిల్లోకి దిగుతుంది. ఫిల్టరు కింద గాజు గిన్నె ఉంటే అందులో నీళ్లు కనపడగానే తీసేయాలి.

ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడిపితే పైపుల్లోకి గాలి చేరుతుంది. తర్వాత ఎంత సెల్ఫు కొట్టినా స్టార్టు కాదు, బ్యాటరీ కూడా దిగిపోతుంది. ఈ ఎయిరు తీయడం నేర్చుకుంటే సగం సార్లు మెకానిక్కు అవసరం రాదు. ట్యాంకులో డీజిలు పోసి, కుళాయి తిప్పండి. మొదటి ఫిల్టరు మీద ఉండే స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, చేతి పంపు మీటను కొడుతూ ఉండండి. ముందు నురగ, బుడగలు వస్తాయి. బుడగలు ఆగి డీజిలు తెంపు లేకుండా వచ్చాక, పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. ఇలాగే రెండో ఫిల్టరు దగ్గర, తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర చేయాలి. అప్పటికీ స్టార్టు కాకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు కొంచెం వదులు చేసి, యాక్సిలేటరు పూర్తిగా ఇచ్చి సెల్ఫు కొట్టాలి. డీజిలు చిమ్మగానే బిగించేయాలి. సెల్ఫు ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టవద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగాలి.

ఒక హెచ్చరిక. నాజిలు సరిగా కొడుతోందో లేదో చూడటానికి కొందరు దాని ముందు చెయ్యి పెడతారు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, కానీ లోపల కుళ్లి వేలు, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

కొత్తగా వస్తున్న పెద్ద ట్రాక్టర్లలో, ముఖ్యంగా 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వర్తించిన 50 హెచ్.పి. పైబడిన వాటిలో, డీజిలు సరఫరా కంప్యూటరుతో నడుస్తుంది. వాటి పైపులు విప్పి ఎయిరు తీయబోవద్దు. పైన చెప్పిందంతా పాత పద్ధతి పంపు ఉన్న బండ్లకే.

రేడియేటరుకు బోరు నీళ్లు వద్దు

పల్నాడు, ప్రకాశం మెట్ట ఊళ్లలో బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కట్టడం చూస్తూనే ఉంటారు. అదే పొర ఇంజను లోపల నీళ్లు తిరిగే దారుల్లో కూడా కడుతుంది. పొర కట్టిన చోట వేడి బయటికి రాదు. రేడియేటరు నిండా నీళ్లున్నా ఇంజను కాగిపోతుంది. కంపెనీ చెప్పిన కూలెంటు డబ్బా మీది కొలత ప్రకారం కలిపి పోసుకోవడం మేలు. నీళ్లే పోయాల్సి వస్తే పట్టి పెట్టుకున్న వాన నీళ్లు వాడండి. ఐషర్ 242 లాంటి, గాలితో చల్లబడే ఇంజన్లకు ఈ బాధ లేదు. వాటికి సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల మధ్య మట్టి, ఊక పట్టకుండా చూసుకుంటే చాలు.

కుప్పనూర్పిడి రోజుల్లో రేడియేటరు ముందు జాలీకి గడ్డి, పొట్టు అతుక్కుపోతాయి. పూటకోసారి దులపాలి. కడిగితే ఇంజను వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగబడుతుంది. ఫ్యాను బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం దాపు దిగాలి. ఎక్కువ దిగితే వదులైనట్టు, ఫ్యాను చాలినంత తిరగదు.

బండి వేడెక్కుతోందంటే కొందరు మెకానిక్కులు థర్మోస్టాటు తీసి పారేస్తారు. ఇది మంచి వైద్యం కాదని మా అభిప్రాయం. అది లేకపోతే ఇంజనుకు కావలసిన వేడి ఎక్కడానికి చాలా సేపు పడుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, లైనర్లు త్వరగా అరుగుతాయి. పాడైతే కొత్తది వేయించండి.

ఇంజను కాగినప్పుడు మూత తీయబోతే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. పని ఆపి, నీళ్లు పూర్తిగా పోకుండా ఉంటే నాలుగైదు నిమిషాలు తక్కువ వేగంలో తిరగనిచ్చి, ఆపి, కనీసం అరగంట ఆగాలి. తర్వాత గోనె గుడ్డ వేసి మూత కొంచెం కొంచెంగా తిప్పాలి. కాగిన ఇంజనులో కాలవ నీళ్లు కుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది.

దమ్ములో దిగేముందు, దిగాక

ట్రాక్టరు మెట్ట పనుల కోసం చేసింది. మనం దాన్ని ఇరుసుల దాకా బురదలో దించి పనిచేయిస్తున్నాం. కాబట్టి కంపెనీ పుస్తకంలో రాసినదాని కన్నా ఎక్కువ జాగ్రత్త మనకు కావాలి.

పొలంలో గంటల తరబడి తిరిగితే వెనక ఇరుసు, గేరు బాక్సు వేడెక్కుతాయి. ఆ వేడి మీద బండి లోతు నీళ్లలో ఆగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడది బయటి నుంచి పీల్చుకుంటుంది. సీళ్లు అరిగి ఉంటే గాలికి బదులు బురద నీళ్లే లోపలికి వస్తాయి. గేరు బాక్సుకు పట్టే ఆయిలు బండిని బట్టి ఇరవై, ముప్ఫై లీటర్లు. అది మొత్తం పాడైతే ఖర్చు ఎంతో లెక్క వేసుకోండి. అందుకే నారు పోసిన రోజుల్లోనే వెనక ఇరుసు సీళ్లు చూపించుకోవాలి. చక్రం లోపలి వైపు ఆయిలు చారలు కనపడితే సీలు పోయినట్టే. గేరు బాక్సు మీద గాలి పోయే చిన్న మూత మట్టితో పూడిపోకుండా, ఆయిలు పుల్ల వదులుగా లేకుండా చూసుకోవాలి.

నీళ్లు చేరాయేమోనని అనుమానం ఉంటే ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున స్టార్టు చేయకముందే గేరు బాక్సు కింది బోల్టును పూర్తిగా తీయకుండా కొంచెం వదులు చేయండి. నీళ్లు ఆయిలు కన్నా బరువు కాబట్టి అడుగునే ఉంటాయి. ముందుగా చుక్కలుగా నీళ్లు వస్తే సంగతి తెలిసిపోయినట్టే. ఆయిలు అప్పటికే మజ్జిగలా మారి ఉంటే మొత్తం మార్చక తప్పదు.

దమ్ము చేసినన్నాళ్లూ ప్రతి సాయంత్రం బండి కడిగాక గ్రీజు కొట్టాలి. ముందు చక్రాల హబ్బులు, కింగు పిన్నులు, స్టీరింగు కీళ్లు, ముందు ఇరుసు మధ్య పిన్ను, లిఫ్టు చేతులు. నిప్పిల్ మీది మట్టి తుడిచి, పాత గ్రీజుతో పాటు లోపలి బురద నీళ్లు బయటికి వచ్చి కొత్త గ్రీజు కనపడేదాకా కొట్టాలి. పొద్దున కొడదాంలే అనుకుంటే రాత్రంతా ఆ నీళ్లు లోపలే ఉండి తుప్పు పట్టిస్తాయి.

క్లచ్చి మీద కాలు ఆనించి నడపడం మన డ్రైవర్లలో చాలామందికి అలవాటు. గట్టు రాగానే తొక్కడానికి తయారుగా పెట్టానంటారు. కాలి బరువుకే ప్లేటు సగం వదిలి జారుతూ కాలిపోతుంది, బేరింగు అరుగుతుంది. పెడలుకు పైన అంగుళం నుంచి అంగుళంన్నర వదులు ఉండాలి. ప్లేటు అరిగేకొద్దీ ఆ వదులు తగ్గుతుంది కాబట్టి అప్పుడప్పుడూ సరిచేయించాలి.

పొలంలో మలుపుల కోసం రెండు బ్రేకులను విడదీసి వాడతాం. రోడ్డు ఎక్కేముందు రెండు పెడళ్లనూ గొళ్లెంతో కలపడం మరిచిపోతే, వేగంలో ఒక చక్రానికే బ్రేకు పడి బండి పక్కకు తిరగబడుతుంది. మడిలోంచి వచ్చిన వెంటనే బ్రేకులు తడిగా ఉండి పట్టవు. మెల్లగా పోతూ నాలుగైదు సార్లు తొక్కి ఆరనివ్వాలి. కేజ్ వీల్స్‌తో తారు రోడ్డు ఎక్కవద్దు. రోడ్డు పాడవుతుంది, కేసు పెడతారు, చక్రాల ఇరుసు మీద కూడా దెబ్బ పడుతుంది.

దిగబడినప్పుడు దుంగ కట్టవద్దు

ప్రతి ఏడూ దమ్ము రోజుల్లో ట్రాక్టరు తిరగబడి డ్రైవరు చనిపోయాడన్న వార్తలు వింటుంటాం. వెనక చక్రాలు దిగబడితే వాటికి అడ్డంగా దుంగనో, వాసాన్నో తాళ్లతో కట్టి ముందుకు లాగించడం ఊళ్లలో ఉన్న పద్ధతే. అందులో ఉన్న మోసం చూడండి. గేరు వేసి క్లచ్చి వదిలితే ఇంజను వెనక చక్రాలను తిప్పాలి. దుంగ అడ్డుపడి చక్రం తిరగలేకపోతే ఆ శక్తి ఊరికే పోదు. చక్రం కదలని చోట బండి శరీరమే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు గాలిలోకి లేచి, బండి వెనక్కి పల్టీ కొడుతుంది. రెండు సెకన్లు కూడా పట్టదు. లేచిందని తెలిసి క్లచ్చి తొక్కేలోపే డ్రైవరు కింద ఉంటాడు.

దిగబడితే ముందు పనిముట్టు విప్పేయండి. చక్రాల వెనక బురద తవ్వి, గడ్డి, రాళ్లు వేసి, రివర్సులో వెనక్కి తీయండి. వెనక్కి వచ్చేటప్పుడు ముందు భాగం లేచే ప్రమాదం తక్కువ. రాకపోతే ఇంకో ట్రాక్టరుతో లాగించాలి. తాడు గానీ గొలుసు గానీ కింది కొక్కేనికే కట్టాలి, సీటు వెనక పైన కడితే మళ్లీ అదే ప్రమాదం. తాడు పక్కన మనుషులు నిలబడకూడదు. గట్టు ఎక్కించేటప్పుడు కూడా ఎత్తు గట్టును ముందు నరికి, తక్కువ గేరులో మెల్లగా ఎక్కించండి. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టుకుని దమ్ము చేసేవాళ్లున్నారు. ఎంత గారాబం చేసినా ఇది మాత్రం వద్దు.

వెనక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9. తువ్వాలు కొస, పంచె, చీర కొంగు ఏది చిక్కినా చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. షాఫ్టు మీద తొడుగు తీసేసి ఉంటే మళ్లీ పెట్టించండి. రొటవేటరు కత్తులకు చిక్కిన గడ్డి తీయాలంటే ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. లిఫ్టు ఎత్తి ఉంచిన పనిముట్టు కిందికి దూరకూడదు, కింద దుంగ ఆసరా పెట్టుకోవాలి.

పాత బండి కొనబోయేవారు

ఈ సీజను అయ్యాక పాత ట్రాక్టరు కొందామనుకునేవారు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు రాకముందే స్టార్టు చేసి పెడితే, చల్లారేదాకా ఆగండి. స్టార్టు చేశాక ఆయిలు పోసే మూత తీసి చూడండి. అక్కడి నుంచి పొగ బుసబుసా కొడుతుంటే రింగులు అరిగిపోయినట్టే. రంగు కొత్తగా వేసి ఉంటే మోసపోవద్దు, క్లీనరు గిన్నె విప్పి చూస్తే పాత యజమాని బండిని ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది. గేర్లన్నీ వేసి నడిపి చూడండి. పనిముట్టు ఎత్తి ఇంజను ఆపేసి, ఎంతసేపు దిగకుండా నిలుస్తుందో చూడండి. ఆర్‌.సి.లో బ్యాంకు అప్పు నమోదై ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం తెచ్చి అది కొట్టేయించాకే డబ్బు చేతికివ్వండి.

ఇంట్లో ఆసక్తి ఉన్న కుర్రవాడు ఉంటే మరమ్మతులు నేర్పించడం మంచిది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వానికి చెందిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టరు నడపడం, నిర్వహణ, రిపేర్ల మీద రైతులకు అక్కడ శిక్షణ ఇస్తారు. ఎప్పుడెప్పుడు ఉంటుందో మండల వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోవచ్చు.

నాట్లు పూర్తయ్యాక

పని అయిపోగానే బండిని చెట్టు కింద వదిలేయకండి. బాగా కడిగి, ఆరాక అన్నిచోట్లా గ్రీజు కొట్టి, ట్యాంకు నిండా డీజిలు పోసి నీడలో పెట్టండి. కేజ్ వీల్స్‌కు, రొటవేటరు కత్తులకు కాలిన ఆయిలు పూయవచ్చు, దాన్ని వాడాల్సింది ఇక్కడే. బ్యాటరీ తీగలు విప్పి, కొసలకు వాజిలిన్ రాయండి. బ్యాటరీలో తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. చాలా రోజులు కదపకుండా ఉంచేట్లయితే క్లచ్చి పెడలును కిందికి తొక్కి, చెక్క ముక్క అడ్డు పెట్టి ఉంచితే ప్లేటు తేమకు అతుక్కుపోదు. వైర్లు ఎలుకలు కొరుకుతాయి, అప్పుడప్పుడూ బానెట్ ఎత్తి చూస్తుండండి. వాన నీళ్లు ఇంజనులోకి దిగకుండా సైలెన్సరు గొట్టం మీద ఖాళీ డబ్బా బోర్లించండి. పదిహేను రోజులకోసారి చెక్క ముక్క తీసి, బ్యాటరీ తగిలించి, పావుగంట ఇంజను నడపండి. స్టార్టు చేసేముందు ఆ డబ్బా తీయడం మాత్రం మరవకండి.